దూదేకుల: మన ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు



వార్షిక సంచికకు ఏదైనా రాసిమ్మని కార్యవర్గం వారు అడిగినప్పుడు, బడిలో పాఠాలు చెప్పుకుని రిటైరైనవాణ్ణి, నేనేం రాయగలనులే అనుకున్నాను. ఆ వారంలోనే ఒక చిన్న సంగతి జరిగింది. సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు నింపుకుంటూ ఒక పిల్లవాడు మా ఇంటికొచ్చాడు. మంచి మార్కులు. రాత కూడా ముత్యాల్లా ఉంది. కానీ ఇంటిపేరు అన్న చోట ఖాళీ వదిలేశాడు.

"ఏం నాయనా, ఇది మరిచిపోయినావే?" అన్నాను.

వాడు తల వంచుకుని, "కాలేజీలో అందరూ చూస్తారు సార్. షేక్ అని రాసుకోవచ్చా?" అన్నాడు.

నాకు కోపం రాలేదు. కోపగించుకునే హక్కు నాకు లేదు. 1966లో నేను ఎస్.ఎస్.ఎల్.సి.కి పోయేటప్పుడు అయ్యవారి దగ్గరికి పోయి, నా పేరు ముందున్న "దూదేకుల" తీసేసి "షేక్" అని రాయండి సార్ అని బతిమాలుకున్నవాణ్ణి నేనే. ఆయన రాశారు. సాయంత్రం ఇంటికొచ్చి మా నాయనతో చెప్పాను. నాయన ఏమీ అనలేదు. చేతిలో ఉన్న పని ఆపలేదు కూడా. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ పిల్లవాడికి ఆ రోజు నేను చెప్పవలసిన జవాబు సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. వాడొక్కడికే కాదు, మన ఇళ్ళలో ఉన్న అందరు పిల్లలకీ అని మనవి.

పేరులో ఉన్న పని

దూదేకుల అనే మాటలో దాపరికం ఏమీ లేదు. దూదిని ఏకేవారు దూదేకులవారు. గింజ తీసిన పత్తి ముద్దలు కట్టి, చెత్తా మన్నూ కలిసి ఉంటుంది. దాన్ని అలాగే వడకలేం, పరుపులోనూ నింపలేం. పోగుపోగునా విడదీసి, చెత్త రాల్చి, మేఘంలా పొంగించాలి. అదే ఏకడం.

మా నాయన పనిముట్లు రెండే. ఒకటి ఆయన ఎత్తు ఉండే విల్లు, దానికి నరం పేనిన నారి. రెండోది నడుము సన్నంగా, రెండు కొసలూ లావుగా ఉండే చెక్క గూటం. విల్లును ఇంటి దూలానికి తాడుతో వేలాడదీసి, నారి దూదిలో ఆనేటట్టు పట్టుకుని, గూటంతో నారిని మీటేవాడు. నారి అదిరినప్పుడల్లా దూది ఎగిరి పక్కన పడేది. చెత్త బరువుకు కిందికి రాలేది. ఆ చప్పుడు వీధి చివరికి వినపడేది. సంక్రాంతి వెళ్ళాక పెళ్ళిళ్ళ కాలంలో అయితే తెల్లవారుజామునే మొదలయ్యేది. కొత్త దంపతులకు పరుపు కావాలి గదా! హిందువుల పెళ్ళయినా మన పెళ్ళయినా ఆ పరుపు మా నాయన చేతి మీదుగా పోవలసిందే.

సాయంత్రానికి నాయన మీసాలు, కనురెప్పలు, తల అన్నీ తెల్లగా అయ్యేవి. మా జేజి నవ్వి, "పొద్దున పోయింది కొడుకు, వచ్చింది మొగుడు" అనేది. నవ్వులాట అట్లుంచి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గు పట్టేది. ఈ వృత్తి చేసిన ఇళ్ళలో ముసలివాళ్ళ దగ్గు వినని పిల్లలు ఉండరు. అది కూడా చెప్పుకోవాలి.

ఏకిన దూదిని వేలంత పొడుగు చుట్టలుగా చుడితే వాటిని ఏకులు అంటారు. రాట్నం మీద నూలు వడికేది వాటితోనే. "ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అని మనం అంటాం గదా, ఆ ఏకు ఇదే. దూదిచుట్టలా మెత్తగా వచ్చి ఇనుప మేకులా దిగబడ్డాడని అర్థం. సభలో ఒకణ్ణి పట్టుకుని దుమ్ము దులిపితే "ఏకిపారేశాడు" అంటాం. అదీ మన విల్లు కింద పుట్టిన మాటే. మన పేరు చెప్పుకోవడానికి మనం సిగ్గుపడుతున్నాం గానీ, తెలుగువాళ్ళంతా మన పనిని రోజూ నోట పలుకుతూనే ఉన్నారు.

ఒకే పని, పది పేర్లు

దూదేకుల అనేది రాయలసీమలో ఇంటిపేరుగా ఎక్కువ వినిపిస్తుంది. గుంటూరు, కృష్ణా, ప్రకాశం వైపు పోతే మనవాళ్ళే నూర్‌బాషా అని రాసుకుంటారు. నూర్ అంటే వెలుగు, బాషా అంటే పాదుషా. కొందరు లద్దాఫ్ అంటారు. దూది ఏకేవాణ్ణి అరబ్బీలో నద్దాఫ్ అంటారు, అదే మన నోళ్ళలో లద్దాఫ్ అయింది. కన్నడ దేశంలో హుబ్లీ, బెళగావి వైపు పోయి చూడండి, నదాఫ్ అనే ఇంటిపేరు గల కుటుంబాలు ఎన్నో. వాళ్ళూ మనవాళ్ళే.

పింజారి అన్న పేరు కన్నడంలోనూ మరాఠీలోనూ మన దగ్గరా ఉంది. సంస్కృతంలో దూది ఏకే వింటిని పింజనం అంటారు. పింజ, పింజడం అన్న మాటలు ఆ కుదురువే. తమిళులు పంజుకొట్టి అన్నారు, అంటే దూది కొట్టేవాడు. ఉత్తరాదిన ధునియా అంటారు. హిందీలో ధునడం అంటే ఏకడమే. అక్కడివారు గత శతాబ్దంలో మన్సూరీ అనే పేరు ఎక్కువగా పెట్టుకున్నారు.

ఈ మన్సూరీ అన్న పేరు ఎక్కడిదో పిల్లలకు చెప్పాలి. బగ్దాదులో క్రీ.శ. 922లో ఉరికంబం ఎక్కిన సూఫీ హుసేన్ ఇబ్న్ మన్సూర్ అల్ హల్లాజ్ పేరు మీద వచ్చింది. హల్లాజ్ అంటే దూది ఏకేవాడు. అంటే ప్రపంచమంతా వెయ్యేళ్ళుగా తలుచుకుంటున్న ఆ మహానుభావుడి పేరు చివర ఉన్నది మన ఇంటిపేరే. తెలుగులో అనువదిస్తే ఆయన దూదేకుల హుసేనే!

ఆయనొక్కడే కాదు. ఖయ్యాం అంటే డేరాలు కుట్టేవాడు. అత్తార్ అంటే అత్తరు, మందులు అమ్మేవాడు. ఉమర్ ఖయ్యాంను, ఫరీదుద్దీన్ అత్తార్‌ను తలుచుకునేటప్పుడు ఎవరూ ముఖం చిట్లించరు. దావూద్ ప్రవక్త ఇనుముతో కవచాలు చేశారని ఖురాను చెబుతుంది. ప్రళయ దినాన పర్వతాలు ఎలా అయిపోతాయో చెప్పవలసి వచ్చినప్పుడు, అల్ ఖారిఅ సూరాలో వాటిని ఏకిన ఉన్నితో పోల్చారు. అంత పెద్ద మాట చెప్పడానికి ఎంచుకున్న ఉపమానం మన పనిలోది. చేతివృత్తి పేరు తక్కువని మనకు నేర్పింది దీన్ కాదు, లోకం.

పని ఇంటిపేరుగా మారిన వైనం

దక్కనులో ఈ వృత్తి చాలా పాతది. గుల్బర్గాలో బహమనీ సుల్తాను కొలువులో ఉన్న కవి ఇసామీ 1350లో ముగించిన చరిత్ర కావ్యంలో రాట్నం ప్రస్తావన ఉంది. రాట్నం తిరిగిన చోట ఏకులు కావాలి, ఏకులు కావాలంటే విల్లు కావాలి. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టింది మన బట్ట కోసమే. ఆ ఓడలకెక్కిన తానుల గురించి పుస్తకాల్లో నేతగాళ్ళ పేరు ఉంది, అద్దకంవాళ్ళ పేరు ఉంది. నేతకు ముందు నూలు వడికిన ఆడవాళ్ళూ, వాళ్ళకు ముందు దూది ఏకినవాళ్ళూ మాత్రం ఎక్కడా కనపడరు. గుడ్డలో దూది కనపడనట్టే.

ఏకేవాడి విలువ ఏమిటో గాంధీగారికి తెలిసింది. ఆత్మకథలో ఆయన ఖద్దరు మొదలైన రోజుల గురించి రాశారు. గంగాబెన్ మజుందార్ అనే ఆమె రాట్నం వెతికి పెట్టింది. రాట్నం దొరికింది గానీ ఏకులు ఎక్కడివి? చివరికి ఆమె ఒక దూదేకేవాణ్ణి పట్టుకుంది. అతను నెలకు 35 రూపాయలు అడిగాడట. గాంధీగారు ఎంతయినా ఎక్కువ కాదనుకున్నారు. ఆ రోజుల్లో 35 రూపాయలంటే చిన్న మాట కాదు. పనితనానికి ఉన్న ధర అది.

మరి వృత్తి పేరు ఇంటిపేరు ఎట్లయింది? ఇంటిపేరు ముందు పెట్టి అసలు పేరు తరవాత చెప్పడం తెలుగునాట పద్ధతి. అరబ్బు దేశాల్లో గానీ ఢిల్లీలో గానీ ఈ పద్ధతి లేదు. మనం తెలుగువాళ్ళం కాబట్టి మనకూ వచ్చింది. ఊళ్ళో పదిమంది హుసేన్లు ఉంటే, దూది ఏకే ఇంటి హుసేను దూదేకుల హుసేను అయ్యాడు. తరవాత బడి రిజిస్టరు, పట్టా పుస్తకం, రేషను కార్డు వచ్చి ఆ పిలుపును రాతగా మార్చాయి.

మన పాత పేర్లు చూడండి: హుసేనప్ప, ఖాశీమప్ప, పీరయ్య, మస్తానమ్మ, లాలమ్మ. ముందు సగం దర్గాది, వెనక సగం ఊరిది. ఇంట్లో మాట తెలుగు. పెనుకొండ బాబయ్య ఉరుసుకు పోయేవాళ్ళం, పీర్ల పండగలో గుండం చుట్టూ తిరిగేవాళ్ళం, ఊరి జాతరలో మేళం వాయించేవాళ్ళం. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాల గ్రంథంలో మన గురించి రాసిందీ దాదాపు ఇదే. ముస్లిములే గానీ, చుట్టూ ఉన్న హిందువుల ఆచారాలు చాలా ఉన్నాయని, పెళ్ళిలో తాళి కడతారని రాశారు. మతం సంగతులు వీళ్ళకు పెద్దగా తెలియవని కూడా రాశారు. చదివితే మనసుకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఇక్కడే ఉంది అసలు బాధ. ఉర్దూ మాట్లాడే సాయబుల ముందు మనం తెలుగు సాయబులం. పిల్లనిచ్చేటప్పుడు "వాళ్ళు దూదేకులోళ్ళట" అని గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. హిందువుల ముందేమో మనం సాయబులం. అటు పంక్తిలో చివర, ఇటు పంక్తికి బయట. ఈ రెండింటి మధ్య నలిగిన పిల్లలు పేరు మార్చుకున్నారంటే వింత ఏముంది? నేను మార్చుకున్నదీ అందుకే. వాళ్ళను తప్పు పట్టను. కానీ నాలుగు విషయాలు తెలిసి మార్చుకోవడం వేరు, సిగ్గుతో మార్చుకోవడం వేరు.

ఈ పేరు మోసిన పెద్దలు

దూదేకుల అన్న మాట వినగానే తెలుగుదేశంలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సిద్దయ్య. కడప జిల్లా ముడుమాల వాసి, పోతులూరి వీరబ్రహ్మంగారి ప్రియశిష్యుడు. 17వ శతాబ్దపు మనిషి. తల్లిదండ్రులు నవాబుకు ఫిర్యాదు చేయడం, నవాబు పరీక్ష పెట్టడం, సిద్దయ్య సలాము చేస్తే బండరాయి పగలడం, ఇవన్నీ పల్లెల్లో కథలుగా చెప్పుకుంటారు. ఆయన నడిచిన దారి గురించి మన పెద్దల్లోనే వేరువేరు అభిప్రాయాలు ఉండవచ్చు, అది వేరే చర్చ. నేను చెప్పేది పేరు సంగతి. ఆయన తత్వాలు పాడుకునే సకల కులాలవారూ "దూదేకుల సిద్దయ్య" అనే అంటారు. మూడు వందల ఏళ్ళ పైబడి ఆ ఇంటిపేరు ఊడలేదు. ఆయన గౌరవమూ తగ్గలేదు.

రెండోవారు బుర్రకథ పితామహుడు షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టారు. ప్రజానాట్యమండలిలో చేరి, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, బెంగాలు కరువు కథలు చెప్పి వేల జనాన్ని రాత్రంతా కూర్చోబెట్టారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. పేరు ముందు షేక్ అనే ఉంది. కానీ తన జీవితకథ పుస్తకంగా వచ్చినప్పుడు దాని పేరేమిటో తెలుసునా? "పింజారి". ఎవరైనా తిట్టడానికి వాడే మాటను అట్ట మీద పెద్ద అక్షరాలతో వేయించుకున్న మనిషి ఆయన. ఆ పుస్తకం ప్రతి ఇంట్లో ఉండవలసింది.

ఇక నాదస్వరం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నాదస్వరం పట్టిన సాయబుల ఇళ్ళలో దూదేకులవారు ఎక్కువ. చిలకలూరిపేట ప్రాంతంలో తరతరాలుగా ఈ విద్య నడిచింది. ఆ వాద్య సంప్రదాయంలోంచి వచ్చినవారే షేక్ చినమౌలానా సాహెబు. 1924లో కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి అందుకున్నారు. 1999లో పరమపదించారు. నారి మీటిన జాతికి నాదం తెలియడంలో ఆశ్చర్యం లేదని మా నాయన అనేవాడు. నేనూ అట్లాగే అనుకుంటాను.

కాగితాల మీది కష్టం

ఇదంతా గౌరవం సంగతి. ఇప్పుడు అన్నం సంగతి.

1970లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా వేసినప్పుడు బి గ్రూపులో మనల్ని చేర్చింది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా, ఈ నాలుగు పేర్లూ ఒకే వరసలో ఉన్నాయి. ఆ గ్రూపుకు 10 శాతం. నేను చదువు ముగించుకుని ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే నాటికి ఆ సర్టిఫికెట్టు కావలసి వచ్చింది. నా ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలో దూదేకుల లేదు, షేక్ ఉంది. "నువ్వు దూదేకుల అని రుజువేది?" అన్నారు ఆఫీసులో. పేరు నేను అడిగి తీయించుకున్నదే! ఎవరిని అనాలి?

మా నాయన పని మానుకుని మూడుసార్లు నాతో వచ్చాడు. ఊరి పెద్దలను వెంటబెట్టుకొచ్చి చెప్పించాడు. మూడు రోజుల కూలి పోయింది. కాగితం చేతికొచ్చేసరికి దరఖాస్తు గడువు దాటింది. ఆ ఏడు ఉద్యోగం పోయింది, మరుసటి ఏడు వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాయన ఒక్కటే మాట అన్నాడు: "నేను దూది ఏకితేనే గదరా నువ్వు ఫీజు కట్టినావు." అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఈ చిక్కు ఇప్పటికీ తీరలేదు. 2007లో ముస్లిముల్లో వెనుకబడినవారికి ఇ గ్రూపు కింద 4 శాతం ఇచ్చారు. అందులో షేక్ అనేది వేరే పేరుగా ఉంది. మన ఇళ్ళలోనేమో అన్న రికార్డులో దూదేకుల, తమ్ముడి రికార్డులో షేక్, చెల్లెలి రికార్డులో నూర్‌బాషా. ఒకే తల్లి కడుపున పుట్టిన పిల్లలు మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు. సీటు వచ్చిన రోజున పరిగెత్తడం కన్నా, ఒకటో తరగతిలో చేర్పించే రోజునే సరిగా రాయించడం మేలు.

ఒక విన్నపం

మా ఊళ్ళో విల్లు చప్పుడు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ముందు ఏకే మిషన్లు వచ్చాయి, తరవాత ఫోము పరుపులు వచ్చాయి. మన పిల్లలు టీచర్లు, ఇంజనీర్లు, నర్సులు, డ్రైవర్లు అయ్యారు. అల్‌హందులిల్లాహ్, ఆ దుమ్ములోకి మళ్ళీ పొమ్మని ఎవరూ అనరు. పని పోయింది, పేరు మిగిలింది. ఆ పనిలో మనల్ని పెంచినవాళ్ళ ఆనవాలు ఇక ఆ పేరొక్కటే.

సభ్యులందరికీ నా విన్నపం మూడు ముక్కలు. ప్రతి ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టి తాత, ముత్తాతల పేర్లు, వాళ్ళ ఊరు, వాళ్ళు చేసిన పని, ఇంటిపేరు ఎప్పుడు ఎందుకు మారిందో ముసలివాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. పిల్లలందరి రికార్డుల్లో ఒకే ఇంటిపేరు ఉండేట్టు చూడండి. దూదేకుల గానీ నూర్‌బాషా గానీ మీ ఇష్టం, కానీ ఒకటే ఉండాలి. అటక మీద పాత విల్లు ఉంటే పొయ్యిలో పెట్టకండి. మన సంఘం వార్షిక సమావేశానికి తీసుకురండి, పిల్లలు చూస్తారు.

ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. నేను మా నాయన కథ చెప్పాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత పెన్ను అడిగి, ఖాళీ వదిలిన చోట ఇంటిపేరు రాశాడు. పూర్తిగా రాశాడు, పొడి అక్షరం కాదు. ఈ ఏడు స్కాలర్‌షిప్పు అందుకున్నవారి జాబితాలో మీరు ఆ ఇంటిపేరు చూస్తారు. చూసినప్పుడు ఆ బిడ్డ కోసం, మన పాతవాళ్ళ కోసం ఒక దువా చేయండి.

నా రికార్డులో మాత్రం షేక్ అనే ఉండిపోయింది. ఈ వ్యాసం కిందనైనా సరిగా వేయమని సంపాదకులను కోరుతున్నాను.

ఇట్లు,
దూదేకుల వారి అబ్బాయి,
రిటైర్డ్ ఉపాధ్యాయుడు